రేసు కారుకు నేను చేసిన మెత్తని సీటు

మంచిర్యాలలో ముప్పై ఏళ్లకు పైగా బండ్ల సీట్లు కట్టాను. లారీలు, జీపులు, ట్రాక్టర్లు, బొగ్గు బాయి పనివాళ్లను తీసుకుపోయే బస్సులు, చివరి కొన్నేళ్లలో రేసు కార్లు కూడా. ఇప్పుడు మోకాళ్లు సహకరించక షాపు వేరేవాళ్లకు అప్పగించి ఇంట్లో కూర్చున్నాను. కూర్చున్నానన్న మాటే గానీ ఫోను కూర్చోనివ్వదు. కరీంనగర్ నుంచి, ఆదిలాబాద్ నుంచి కుర్రాళ్లు, ఈమధ్య ఒకరిద్దరు ఆడపిల్లలు కూడా చేస్తున్నారు. అడిగేది ఒకటే: తక్కువ ధరలో రేసింగ్ సీటు ఏది మంచిది? కొత్తగా సీట్ల షాపు పెట్టినవాళ్లు ఇంకోలా అడుగుతారు: అలాంటి సీటు మేమే కట్టొచ్చా?

ఇద్దరికీ కలిపి జవాబు రాస్తున్నాను. షాపు ఎలా పెట్టాను, ఎలా పెంచాను అన్నది మీకు అక్కరకు రాదు. నాకు పని నేర్పిన ముగ్గురి గురించి, నేను చేసిన ఒక తప్పు గురించి చెబితే చాలు. ఆ ముగ్గురిలో ఒకామెకు సీట్లతో ఏ సంబంధమూ లేదు.

అరచేతి పరీక్ష

మొదటి గురువు కరీంనగర్‌లో యాకూబ్ ఉస్తాద్. పదో తరగతి తప్పి తిరుగుతుంటే మా బాపు నన్ను తీసుకుపోయి ఆయన దగ్గర వదిలాడు. కొబ్బరి పీచు దులపడం దగ్గర నుంచి స్ప్రింగులు కట్టడం దాకా అన్నీ ఆయన చేతి కిందే నేర్చుకున్నాను. తిట్టేవాడు, కొట్టేవాడు కాదు. మధ్యాహ్నం తన డబ్బాలోంచి సగం నాకు పెట్టకుండా ఒక్కనాడూ తినలేదు.

ఆయనది ఒక పద్ధతి. సీటు కుట్టినవాడు మొదటి ట్రిప్పు ఆ లారీలోనే పోవాలి. "నువ్వు కుట్టిన సీటు మీద నువ్వే కూసొని పో బేటా. గప్పుడు ఎరుకైతది" అనేవాడు. అలా ఆదిలాబాద్ దాకా ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. నిర్మల్ దాటాక ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు స్ప్రింగు ఎక్కడ గుచ్చుతుందో, పీచు ఎక్కడ అణిగిపోయిందో నా నడుమే చెప్పేది. వెనక్కి వచ్చి సీటు విప్పి మళ్లీ కట్టేవాణ్ణి. ఇంత మంచి బడి నాకు ఇంకెక్కడా దొరికేది కాదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ పండుగ పూట ఆ ఇంటికి పోయి వస్తాను.

లారీ డ్రైవర్లకు సీటు చూసుకునే తీరు ఒకటుంది. షాపులోకి వస్తూనే అరచేతిని సీటు మధ్యలో ఆనించి, బరువంతా వేసి నొక్కుతారు. చెయ్యి లోపలికి దిగి మెల్లగా పైకి వస్తే మంచి సీటు. దిగకపోతే "బండ లెక్కున్నది" అని మొహం ముడుచుకుంటారు. ముప్పై ఏళ్లు ఆ చేతిని మెప్పించడమే నా పని. సొంత షాపు పెట్టాక మల్లేశం సీటంటే మెత్తన అని పేరు పడింది. ఆ పేరు నాకు ఎంత ముద్దో అప్పట్లో నాకే తెలియదు.

రవీందర్ తెచ్చిన కారు

రవీందర్‌ది బెల్లంపల్లి. వాళ్ల బాపు బాయిలో పనిచేసి రిటైరయ్యాడు. ఇతను గల్ఫ్‌లో ఏడెనిమిదేళ్లు కారు నడిపి, అక్కడ ఇసుకలో పందేలు చూసి ఆ పిచ్చి వెంటబెట్టుకొని ఇంటికొచ్చాడు. వస్తూనే పాత చిన్న కారు ఒకటి కొన్నాడు. వెనక సీటు పీకేశాడు, లోపల ఇనుప పైపుల పంజరం కట్టించాడు. అప్పటికే మన దిక్కు మట్టి ట్రాకు పోటీలు మొదలయ్యాయి. కోతలైన చేన్లను చదును చేసి, శంకువులు పెట్టి, ఒక్కో కారును విడిగా తోలిస్తారు. ఎవరు తక్కువ టైములో తిరిగొస్తే వాళ్లు గెలిచినట్టు. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, మెకానిక్కులు, రైతుల పిల్లలు సరదాకు నడిపే పోటీలు అవి. సరదా అంటే గుద్దుకోరని కాదు.

రవీందర్ నా షాపుకు వచ్చేసరికి చేతిలో ఒక సీటు ఉంది. ఆన్‌లైన్లో తెప్పించాడట. ఎర్ర దారం కుట్లు, మెరిసే బట్ట, రెండు వైపులా చెవుల్లా పొంగిన రెక్కలు. పైన పటారం, లోన లొటారం. బట్ట విప్పి చూస్తే సన్నటి గొట్టాలు, వాటిని అతికిన చోట్ల నల్ల రంగు పూసి దాచిన డొల్ల వెల్డింగులు. వెనక్కి వాలే సీటు అది. వాలడానికి పెట్టిన పళ్ల చక్రం నా చిటికెన వేలంత లేదు. పేరున్న కంపెనీ సీటు కొనాలంటే తన కారు ధరలో సగం అవుతుందని, ఇదే కొంచెం గట్టి చేసి ఇవ్వమని అడిగాడు.

నేను అది పక్కన పడేసి, ఇంకోడి దగ్గర మూల పడున్న వెనక్కి వాలని ఫైబరు డొప్ప సీటు ఇప్పించాను. అంతవరకు నేను చేసింది మంచి పనే. తర్వాత నా చెయ్యి ఊరుకోలేదు. రవీందర్ పొట్టి. డొప్పలో కూర్చుంటే బానెట్టు కనిపించడం లేదన్నాడు. నా దగ్గర మంచి ఫోమ్ ఉంది. నాలుగంగుళాల మందాన కోసి, పైన మెత్తటి పొర అతికి, బట్ట తొడిగి ఇచ్చాను. అతను కూర్చొని, కళ్లు మూసుకొని, "కాకా, సోఫా లెక్కున్నది" అన్నాడు. నా జన్మ ధన్యమైనట్టే అనిపించింది.

పద్మజ మేడం

మొదటి పోటీ కరీంనగర్ అవతల. రవీందర్ బాపు, భార్య స్వరూప, బావమరుదులు, అందరూ జీపు కట్టుకొని వచ్చారు. సీటు చేసినవాణ్ణి కాబట్టి నేనూ పోయాను. బండి ట్రాకు మీదికి పోయే ముందు తనిఖీ ఉంటుంది. తనిఖీ చేసేది పద్మజ మేడం, కరీంనగర్‌లో పాలిటెక్నిక్ లెక్చరర్. ఆదివారాలు ఇలా పోటీలకు వచ్చి జీతం లేకుండా చూసిపోయేది.

ఆమె రవీందర్‌ను సీట్లో కూర్చోబెట్టి బెల్టులు బిగించమంది. బిగించాడు. అప్పుడు రెండు చేతులు అతని భుజాల మీద పెట్టి, మొత్తం బలంతో కిందికి నొక్కింది. ఫోమ్ అణిగి అతను దిగిపోయాడు. అంతవరకు ఒంటికి అతుక్కున్న బెల్టుల కింద నాలుగు వేళ్లు పట్టేంత సందు వచ్చింది. ఆమె ఆ సందులో వేళ్లు పెట్టి నాకు చూపించింది. కాగితం మీద అడ్డగీత కొట్టేసింది.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. అంతమంది ముందు, నా చేతిపని! ముప్పై ఏళ్ల నుంచి సీట్లు కడుతున్నానని, నా సీటును ఇంతవరకు ఎవడూ తప్పు పట్టలేదని గట్టిగానే మాట్లాడాను. ఆమె ఓపిగ్గా విన్నది.

"లారీ సీటు పొద్దంతా నడుము నొయ్యకుంట చూడాలె. అది మీకు నాకన్న ఎక్కువ తెలుసు. గీ సీటు పని వేరే. గుద్దుకున్నప్పుడు మనిషిని ఉన్న కాడికెల్లి కదలనియ్యద్దు. ఫోమ్ తీసేయుండ్రి. ఎత్తు కావాలంటే సీటు కింద ఇనుప కాళ్లు పెట్టి మొత్తం సీటునే లేపుండ్రి."

రవీందర్ ఆ రోజు నడపలేదు. జీపు నిండా వచ్చిన జనం పులిహోర తిని వెనక్కి పోయారు. దారి పొడుగునా ఆమెను తిడుతూనే ఉన్నాను. ఆమె చెప్పింది ఒక్క ముక్క కూడా తప్పు కాదని మనసుకు తెలుసు. అందుకే అంత తిట్టాను.

ఒక్క రోజే కదా

ఫోమ్ తీసి అటక మీద పడేశాను. ఇనుప కాళ్లు చేయడమంటే కారు నేల కోసి, కింద మందపాటి పట్టీలు వేసి, బెల్టుల కొక్కేలు మార్చాలి. రెండు రోజుల పని. అప్పుడు షాపు నిండా లారీలు. ఇవ్వాళ రేపు అంటూ జరిపాను.

ఇంతలో నిర్మల్ వైపు కొందరు స్నేహితులు కలిసి ఖాళీ జాగాలో పోటీ పెట్టుకున్నారు. తనిఖీ లేదు, కాగితాలు లేవు. ముందు రోజు రవీందర్ వచ్చాడు. ఇనుప కాళ్ల పని ఇంకా కాలేదని చెప్పాను. అతను అటక వైపు చూశాడు. "గా ఫోమే పెట్టు కాకా. ఒక్క రోజే గదా" అన్నాడు.

ఆ ఫోమ్‌ను నేనే దింపాను. నా చేత్తోనే పెట్టాను. "ఏం గాదు, పో" అన్నది కూడా నేనే. యాకూబ్ ఉస్తాద్ దగ్గర నేర్చుకున్న చదువు ఇక్కడ పనికిరాదని నాకు తట్టలేదు. లారీ సీటులో తప్పుంటే దారిలో తెలుస్తుంది, తిరిగొచ్చి సరిచేసుకోవచ్చు. రేసు సీటులో తప్పు గుద్దుకున్నప్పుడే తెలుస్తుంది.

మర్నాడు రెండో చుట్టులో కారు జారి మట్టికట్టను ముక్కుతో గుద్దుకుంది. అంత వేగం కూడా లేదట. కారు ఆగింది, రవీందర్ ఆగలేదు. ఫోమ్ అణిగి, నడుము ముందుకు జారి, తొంటి ఎముకల మీద ఉండాల్సిన బెల్టు కడుపు మీదికి ఎక్కింది. కరీంనగర్ ఆసుపత్రికి తెచ్చేసరికి కడుపు గట్టిపడి మనిషి తెల్లగా పాలిపోయాడు. పేగు చిట్లిందని ఆపరేషన్ చేశారు.

డాక్టరు బయటికొచ్చి, బెల్టు అంత పైకి ఎలా వచ్చిందని అడిగాడు. ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. డాక్టరు కంట పడకుండా గోడ వైపు జరిగాను.

పొగడ్త

మూడు రోజులకు రవీందర్‌కు గండం గడిచింది. ఆ సాయంత్రం స్వరూప వరండాలో నా దగ్గరికొచ్చింది. అంగన్‌వాడీలో టీచరు, ముక్కుసూటి మనిషి, ఊరికే ఎవరినీ పొగడదు. నా రెండు చేతులు పట్టుకొని, "కారు ముందరంత నుజ్జునుజ్జయింది మామా. నీ సీటు లేకుంటే మనిషి దక్కకపోతుండె" అన్నది. రవీందర్ బాపు పక్కనే కళ్లు తుడుచుకుంటున్నాడు. నేను చేతులు వెనక్కి తీసుకోలేదు.

ఆ మాట ఆమె ఆసుపత్రితో వదిలిపెట్టలేదు. బెల్లంపల్లిలో బాయి కార్మికుల క్వార్టర్లన్నిటికీ పాకింది. పదిహేను రోజులకు ముగ్గురు కారు నడిపే కుర్రాళ్లు కలిసి నా షాపుకు వచ్చారు. ఆన్‌లైన్ సీట్లు కొందామనుకున్నారట, రవీందరన్న సంగతి విని ఆగిపోయారట. "రవీందరన్నను బతికిచ్చిన సీటు అసొంటిదే మాకు గావాలె" అన్నారు. ఒకడు అరచేత్తో నా బల్ల మీది ఫోమ్ ముక్కను నొక్కి చూస్తూ, "గిదేనా?" అన్నాడు.

నా వృత్తిలో అంత భయం నేను ఎన్నడూ ఎరగను. పనుందని, వారం ఆగి రమ్మని పంపించాను. నిజం చెబితే ముప్పై ఏళ్ల పేరు పోతుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. చెప్పకుండా సరైన సీట్లు చేసి ఇస్తే సరిపోదా అని కూడా అనుకున్నాను. కానీ ఆ ముగ్గురు నలుగురికి చెబుతారు, ఆ నలుగురు తమ ఊళ్లో ఏ సీట్లవాడి దగ్గరికో పోయి నాలుగంగుళాల ఫోమ్ పెట్టించుకుంటారు. నా పేరు చెప్పే పెట్టించుకుంటారు.

స్వరూప అడిగింది

బెల్లంపల్లి పోయాను. రవీందర్ మంచం మీద పడుకొని ఉన్నాడు. స్వరూప బియ్యం ఏరుతోంది. కూర్చోమన్నది. కూర్చోకుండానే మొత్తం చెప్పాను. మేడం ఏమన్నదో, నేను కాళ్లు చేయకుండా ఎలా జరిపానో, ఫోమ్ ఎవరు దింపారో, డాక్టరు ప్రశ్నకు జవాబేంటో. రవీందర్ లేవబోయి, అడిగింది తనేనని అన్నాడు. అడిగినవాడికి తెలియదు, పెట్టినవాడికి తెలుసు, తప్పు నాదేనని చెప్పాను.

స్వరూప చేట పక్కన పెట్టింది. తిట్టినా బాగుండేదనిపించింది. అడిగింది.

"ఇంక ఎవలకన్న గిట్ల చేసిచ్చినవా?"

లేదన్నాను. ముగ్గురు అడిగారని చెప్పాను.

"నా మాట ఇని వచ్చిన్రు గదా వాళ్లు. మరి నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

నేనే చెబుతానన్నాను. ఆమె నమ్మలేదేమో, ఫోను నా చేతిలో పెట్టింది. అక్కడే, ఆ ఇంట్లో నిలబడే, ముగ్గురికీ వరుసగా చేశాను. మొదటి కుర్రాడికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. రెండోవాడు మధ్యలోనే పెట్టేశాడు. మూడోవాడు, చెప్పినందుకు థాంక్స్ అంకుల్ అన్నాడు. ఫోను తిరిగి ఇస్తుంటే ఆమె నా మొహం చూడలేదు. నన్ను గుమ్మం దాకా సాగనంపలేదు. అది న్యాయమే.

ఈ పనిలోకి వచ్చే మీకు చెప్పేదొకటి. నాకు తెలిసిన పనివాళ్లలో తప్పు చేయనివాడు లేడు. తప్పు బయటపడనివాళ్లు మాత్రం చాలామంది ఉన్నారు, వాళ్లను చూసి కుళ్లుకోకండి. ఆ రోజు స్వరూప నన్ను అలా నిలబెట్టకపోతే, నేను చేయని మేలుకు పొగడ్తలు మింగుతూ ముసలివాణ్ణయ్యేవాణ్ణి. ఆమెకు నేను ఎంత రుణపడ్డానో ఆమెకు తెలియదు.

ఇక మీరు అడిగిన సీటు సంగతి

తర్వాతి ఆదివారం పద్మజ మేడం దగ్గరికి పోయాను. అరిచినవాణ్ణి నేనే కాబట్టి తల వంచుకొనే పోయాను. ఆమె టీ ఇచ్చి, కాగితం మీద బొమ్మలు గీసి, బడి పిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. దాచుకోకుండా మీకూ చెబుతున్నాను.

డబ్బు తక్కువ ఉంటే వెనక్కి వాలే సీటు జోలికి పోవద్దు. ఎంత అందంగా ఉన్నా అది షోకు సీటు. ఒకే డొప్పగా పోతపోసిన సీటు, కొంచెం బరువైనా, గీతలు పడ్డా, అదే మేలు. పాతది కొనడంలో సిగ్గు లేదు. కానీ బట్ట తీయించి, సీటు తిరగేసి, బోల్టులు పట్టే రంధ్రాల చుట్టూ వేలితో తడమండి. వెంట్రుకంత బీట కనపడ్డా వదిలేయండి. గుద్దుకున్న కారులోంచి తీసిన సీటు ఉచితంగా ఇచ్చినా వద్దు. పేరున్న సీట్లకు గడువు తేదీ చీటీ ఉంటుంది. పోటీ పెట్టేవాళ్లు ఆ గడువు చూస్తారో లేదో ముందే అడిగి కొనండి.

కొనే ముందు హెల్మెట్, బూట్లు వేసుకొని కూర్చోండి. తొంటి దగ్గర బిగువుగా ఉండాలి. అటూ ఇటూ ఊగితే అది మీ సీటు కాదు, మీ అన్నయ్యది కావచ్చు. భుజాల బెల్టులు దూరే రంధ్రాలు మీ భుజాల ఎత్తుకు రావాలి. తొడల మధ్య నుంచి వచ్చే బెల్టుకు కింద రంధ్రం ఉండాలి. రవీందర్ సీటుకు ఆ రంధ్రం ఉన్నా, అతను ఆ బెల్టు కొనలేదు. నేనూ అడగలేదు. అది కూడా నా ఖాతాలోదే.

సీటు మీద మిగిల్చిన డబ్బు బిగింపు మీద పెట్టండి. ముందుకు వెనక్కి జరిగే పట్టాలు వద్దు. మందపాటి ఇనుప కాళ్లు, గట్టి బోల్టులు, నేల రేకు కింద అరచేయంత పట్టీలు. అవి లేకపోతే ఎంత ఖరీదైన సీటైనా రేకుతో సహా ఊడి వస్తుంది. ఫోమ్ వేలి మందం చాలు, అదీ గట్టిది. కూర్చున్నాక ఎవరినైనా పిలిచి భుజాలు నొక్కించుకోండి. బెల్టు వదులైతే ఇంటికి పొండి.

సీటు షాపువాళ్లకు ఒక్కమాట. డొప్ప మీరు తయారు చేయకండి, నేనూ చేయలేదు. బిగించడం, ఒంటికి సరిపోయేలా అమర్చడం మన పని. అదే చాలా పెద్ద పని. చేతకానిది చేతకాదని చెబితే గిరాకీ పోతుందని భయపడకండి.

రవీందర్ మళ్లీ

నేను ఫోన్లు చేసిన ముగ్గురిలో ఇద్దరు మళ్లీ రాలేదు. లారీ గిరాకీ కూడా కొన్నాళ్లు తగ్గింది. బెల్లంపల్లి నుంచి ఎవరూ రాలేదు. నేనూ అటువైపు పోలేదు.

ఏడాది దాటాక ఒక పొద్దున షాపు ముందు చిన్న కారు ఆగింది. రవీందర్. చిక్కిపోయాడు గానీ నడక బాగుంది. మళ్లీ నడుపుతానంటే ఇంట్లో పెద్ద గొడవైందట. చివరికి స్వరూప ఒప్పుకుందట. డాక్టరు సరే అనాలి, తనిఖీ లేని చోట నడపొద్దు అని షరతులు పెట్టిందట. మంచి సీటు కోసం హైదరాబాద్ పోదామని అతను బయలుదేరితే ఆపిందట.

"హైదరాబాద్ ఎందుకు, మల్లేశం మామ దగ్గరికే పో అన్నది కాకా. వేరేటోడు తప్పు చేస్తే చెప్తడో చెప్పడో మనకేం ఎరుక, ఆయన ఇంటికొచ్చి చెప్పిండు అన్నది."

నేను లోపలికి పోయి మొహం కడుక్కొని వచ్చాను. అతన్ని హెల్మెట్ పెట్టుకొని కూర్చోమన్నాను. ఆ రోజు వచ్చిన లారీలన్నిటినీ మర్నాటికి రమ్మని పంపించేసి, సాయంత్రం దాకా అతనొక్కడికే కొలతలు తీసుకున్నాను.